మసిపిల్లా, మా ఆయన మలుపూ

మా కోడలు బడిలో అయిదో తరగతి పిల్లలకి భాష చెబుతుంది. చేరిన ఏడాదే హెడ్‌మేడమ్‌ని బతిమాలి, వారంలో కొన్ని పీరియడ్లు నవల చదివించడానికని పుచ్చుకుంది. పిల్లల నవలే. అందులో ఒకమ్మాయి నీడని ఎవరో ఎత్తుకుపోతారు. ఆ నీడ ఒక కోటలో ఉంటుంది. ఆ కోటలో గదులు ఉన్నచోట ఉండవు, వాటికి తోచినప్పుడల్లా చోటు మారుతుంటాయి. అమ్మాయికి తోడుగా మసిపిల్ల అని ఒక బుల్లి ప్రాణి ఉంటుంది. పొగగొట్టంలో పుట్టింది, అమ్మాయి భుజమ్మీద కూర్చుని దారి చెబుతుంది. నీళ్ళు తగిలితే కరిగిపోతుంది, అదీ దాని కష్టం.

పుస్తకం మూడొందల పేజీలు. బడిలో ఉన్న కాసిని ప్రతులూ బీరువాలో తాళంలో ఉంటాయి. పీరియడ్ మొదలైతే బయటికొస్తాయి, గంట కొట్టగానే లోపలికి పోతాయి. ఇంటికి ఇవ్వరు.

ఒక సాయంత్రం మా కోడలు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఏమైందే అమ్మాయ్?" అన్నాను.

"నవల పీరియడ్ పోయేట్టుంది అత్తయ్యా."

సంగతేమిటంటే, ఎవరో తల్లిదండ్రులు వచ్చి, కథలు చదివితే మార్కులొస్తాయా అని హెడ్‌మేడమ్‌ని నిలదీశారట. ఆవిడ చెడ్డమనిషి కాదు, కానీ తీర్పు చెప్పకుండా ఉండలేని మనిషి. "ఈసారి తల్లిదండ్రుల రోజున ప్రతి తరగతీ కోడింగ్‌తో ఏదో ఒకటి చేసి చూపించాలి. నువ్వు నీ నవలనే చూపించు. పిల్లలు పుస్తకం చదివారనీ, కోడింగ్ వచ్చిందనీ నాకు కనపడాలి. కనపడితే పీరియడ్ నీది. లేకపోతే ఆ పీరియడ్లో టైపింగ్ నేర్పిస్తాం," అని తేల్చేసిందట.

"పిల్లలు సగం పుస్తకంలో ఉన్నారత్తయ్యా. ఇప్పుడాపితే ఆ నీడ దొరికిందో లేదో వాళ్ళకి ఎప్పటికీ తెలీదు," అంది కోడలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి.

"ఇంతకీ కోడింగ్ అంటే ఏమిటే?"

"కంప్యూటర్‌కి పని చెప్పడం. అది చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. చెప్పనిది చెయ్యదు. సొంత తెలివి వాడదు."

"అయితే మీ మామయ్యకి సరిగ్గా తిరగేసిన సరుకన్నమాట," అన్నాను.

మా ఆయన పేపరు చదువుతున్నారు. పేపరు దించకుండానే, "వింటున్నాను," అన్నారు.

"వినడానికేం, ఎప్పుడూ వింటారు. చెయ్యడం దగ్గరే వస్తుంది చిక్కు."

మా ఆయన బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా బస్సు ఆయన్ని వదల్లేదు. స్నానానికి వెళ్ళాలన్నా టైముకి బయల్దేరతారు. భోజనానికి పిలిస్తే, బల్ల దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసి అప్పుడు కూర్చుంటారు, పక్కనుంచి ఎవరైనా దూసుకొస్తారేమోనని కాబోలు. ఇల్లు చిన్నది, బండి పెద్దది. ఏం చేస్తాం.

కోడలూ, బడిలో కంప్యూటర్ మాస్టారూ కలిసి ఒక ఉపాయం వేశారు. ఆ మాస్టారు సన్నటి కుర్రాడు, నీళ్ళలో తడిసిన అగ్గిపుల్లలా ఉంటాడు, మాటలు తక్కువ. "కథ ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్," అన్నాడట. "ఒక్క ముక్కలో అయిపోయేదైతే మూడొందల పేజీలు ఎందుకు రాస్తారు సార్?" అందట మా కోడలు. చివరికి ఒక్క అధ్యాయం చదవడానికి ఒప్పుకున్నాడు. నిద్రపోయే కాపలావాళ్ళ అధ్యాయం.

అందులో అమ్మాయి ఒక పెద్ద హాలు దాటాలి. నేలంతా రాతి గళ్ళు. హాలుకి అడ్డంగా ఒక కాలవ, దానిమీద ఒక్కచోటే వంతెన. అక్కడక్కడా రాతి కాపలావాళ్ళు నిలబడి నిద్రపోతుంటారు, కానీ ఒక్కొక్కడికీ ఒక చెవి మేలుకునే ఉంటుంది. ఆ చెవి పక్కనుంచి వెళితే లేచి కూర్చుంటాడు. రెండో పక్కనుంచి వెళితే గురక పెడుతూనే ఉంటాడు. ఎవడికి ఏ చెవి మేలుకుని ఉందో పుస్తకం చదివితేనే తెలుస్తుంది, బొమ్మలో తెలీదు.

మాస్టారు ఆ హాలుని కంప్యూటర్లో కట్టాడు. పిల్లలు గుంపులుగా కూర్చుని అట్టముక్కల మీద ఆజ్ఞలు రాయాలి. ముందుకు ఒక గడి. ఎడమకు తిరుగు. కుడికి తిరుగు. ఎదురుగా కాపలావాడు ఉంటే ఆగు. అట్టముక్కలు వరసలో పెడితే అదే ప్రోగ్రాం. ఆ రోజున మాస్టారు వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, తెరమీద అమ్మాయి నడుస్తుంది. అంతవరకూ తరగతిలో సుద్దతో నేలమీద గళ్ళు గీసుకుని, ఒక మనిషిని రోబోలా నడిపించి సరిచూసుకోవాలి.

ఇక్కడే తంటా వచ్చింది. పిల్లల్లో ఎవరిని రోబోగా నిలబెట్టినా, కాలవ రాగానే వాడే గెంతి పక్కకి పోతున్నాడు. "ఒరే, నీ అట్టలో అలా లేదురా," అంటే, "మసిపిల్ల కరిగిపోతుంది టీచర్," అంటాడు. కథ తెలిసినవాడి కాళ్ళు కథ చెప్పినట్టే వింటాయి. అట్ట మాట వినవు. కోడలు తనే నిలబడి చూసింది, తన కాళ్ళూ అంతే.

"కథ తెలియని మనిషి కావాలత్తయ్యా. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. పగలు ఖాళీగా ఉండాలి."

ఇద్దరం ఒకేసారి పేపరు వైపు చూశాం.

"నాకు పనుంది," అంది పేపరు.

"ఏం పని?" అన్నాను.

పేపరు కాసేపు ఆలోచించింది కానీ ఏమీ దొరకలేదు.

మర్నాడు మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు తుడుచుకుని బయల్దేరారు. ఆయన పాత యూనిఫాం నల్ల మేజోడులో గుడ్డపీలికలు కూరి, రెండు తెల్ల గుండీలు కళ్ళుగా కుట్టి నేనొక మసిపిల్లని చేసిచ్చాను. దాన్ని భుజమ్మీద నిలబెట్టడానికి పిన్నీసులు పెట్టాలి, ఆయనకి చేతకాదు. అందుకని నేనూ వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, పిన్నీసు ఒక వంక. నాకు కథ వినాలని ఉంది. పెద్దదాన్నయ్యాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పుస్తకం నా చేతికిస్తే పేజీకి ఒక పూట పడుతుంది. చదువుతుంటే వినడం హాయి.

మా కోడలు మామగారికి షరతులు పెట్టింది.

"మామయ్యా, మీరు బుర్ర వాడకూడదు. అట్టలో ఏముంటే అదే."

"ఆయనకి ఆ అలవాటు ఉందిలే, కంగారుపడకు," అన్నాను.

"రెండోది, కథ చదివేటప్పుడు మీరు తరగతిలో ఉండకూడదు. వరండాలో కూర్చోవాలి. కథ తెలిస్తే మీరు పనికిరారు."

"నాకెందుకమ్మా కథలు, అన్నీ అబద్ధాలేగా. నేను హాయిగా బయట కూర్చుంటాను," అన్నారు మా ఆయన.

మరి నేనో? నేను వెనక బల్లమీద కూర్చోవచ్చట. నేను రోబోని కాను కదా.

తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరూ లాయరమ్మ అంటారు. నోరు విప్పిందంటే అవతలివాళ్ళు తప్పు ఒప్పుకోవాల్సిందే, చెయ్యకపోయినా సరే. ఇంకొకడికి గొంతు పెద్దది, వాడు గంట. మా ఆయన గళ్ళలో నిలబడగానే లాయరమ్మ మొదటి అట్ట చదివింది: "ముందుకు ఒక గడి."

మా ఆయన కదల్లేదు.

"తాతగారూ, ముందుకు ఒక గడి."

"బెల్లేదీ?"

"ఏ బెల్లు?"

"రెండు బెల్లులు కొడితేనే బండి కదిలేది. కండక్టరెవరు?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గంట వెంటనే ఆ ఉద్యోగంలో చేరిపోయాడు. "టింగ్ టింగ్!" అని అరిచాడు, కిటికీ అద్దాలు అదిరాయి. బండి కదిలింది.

అంతే, ఆ రోజునుంచి పిల్లలకి మా ఆయనంటే వెర్రి. పెళ్ళయినప్పటినుంచీ నేను చెప్పిన మాట ఒక్కటి విని ఎరగని మనిషి, పదేళ్ళ పిల్లలు ఆగమంటే ఆగుతున్నారు, తిరగమంటే తిరుగుతున్నారు. తిరిగేముందు చెయ్యి బయటికి చాపి సూచన ఇస్తారు. 'వెనక్కి తిరుగు' అన్న అట్ట ఇస్తే మాత్రం, "ఇంత ఇరుకులో బండి ఎక్కడ తిప్పను? ముందు చోటు చూపించండి," అని మొండికేశారు. ఆ అట్ట మనకొద్దులే అని పిల్లలే తీసి పక్కన పడేశారు.

మొదట్లో అందరి ప్రోగ్రాములూ తప్పాయి. తిరగాల్సిన చోట ఒక గడి ముందుకెళ్ళి తిరుగుతున్నారు మా ఆయన. "మనమే ఒక అట్ట ఎక్కువ పెట్టాం," అంది లాయరమ్మ. ఒక 'ముందుకు' తీసేశారు. సరిగ్గా సరిపోయింది. మిగతా గుంపులూ చూసి వాళ్ళూ తీసేశారు. తప్పు వెతికి దిద్దుకోవడమే కోడింగంటే అని మా కోడలు ఆనందంతో ఉబ్బిపోయింది. నేనూ చూస్తూనే ఉన్నాను. ఆయన నడకలో నాకేం వింత కనపడలేదు. ఇంట్లో వంటగదిలోకి తిరిగేటప్పుడు కూడా గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వేసి, అప్పుడే తిరుగుతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే.

మా కోడలి దిగులంతా ఇంకొకటి. మామగారు కథ వింటున్నారని దాని అనుమానం.

అనుమానం కాదు, నిజమే. మొదటి రోజు వరండాలో బెంచీ ఆ చివర కూర్చున్నారు. మర్నాడు మధ్యకి జరిగారు. ఆ తరవాత చూస్తే బెంచీయే కిటికీ కిందికొచ్చింది.

"మామయ్యా!" అని కోడలు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఇక్కడ గాలి బాగుందమ్మా."

"గాలి అక్కడా ఉంది."

"అక్కడిది వేడిగాలి."

ఇంటికొచ్చాక నన్ను పట్టుకున్నారు. "ఏమోయ్, ఆ కాపలావాడు లేచాడా చివరికి?"

"మీకెందుకు? అన్నీ అబద్ధాలేగా."

"అబద్ధమే అనుకో. లేచాడా లేదా?"

"నేను చెప్పకూడదు. మీరు యంత్రం."

"భోంచేసే యంత్రం ఎక్కడైనా ఉందా? చెప్పు."

"కూర వడ్డించుకోండి, చల్లారిపోతుంది."

ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు. నిజానికి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

చివరి రిహార్సల్లో జరిగింది అసలు గొడవ. ఒక గుంపు పిల్లలు అట్టల వరస తారుమారు చేశారు, మా ఆయన్ని నేరుగా కాలవలోకి నడిపించారు. కాలవంటే నీలం సుద్ద గీతలే. మా ఆయన కాలవ అంచున బ్రేకు వేసినట్టు ఆగిపోయారు.

"టింగ్ టింగ్!" అన్నాడు గంట.

కదల్లేదు.

"మామయ్యా, అట్టలో ఉన్నట్టు చెయ్యండి. తప్పయితే తప్పని తెలియాలి వాళ్ళకి," అంది కోడలు.

ఆయన భుజమ్మీది మేజోడుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నా బండిలో ఎక్కినవాళ్ళని నేనెప్పుడూ నీళ్ళలోకి తోలలేదమ్మా. కావాలంటే ఉద్యోగంలోంచి తీసెయ్," అన్నారు.

పిల్లలంతా చప్పట్లు. మా కోడలు తల పట్టుకుంది. "వినేశారు. మొత్తం వినేశారు," అని నా దగ్గరికొచ్చి గొణిగింది. ఇంక ఆ రోజంతా ఆయన మళ్ళీ ఎక్కడ తెలివి వాడతారో అని కళ్ళార్పకుండా కాళ్ళవైపే చూస్తూ కూర్చుంది. అంతలా చూసి కూడా అసలుది చూడలేదు. నేనూ చూడలేదు. కంప్యూటర్ మాస్టారు చూసి ఉంటే కనిపెట్టేవాడేమో, కానీ సుద్దపొడి పడదని అతను ఆ తరగతి గడప తొక్కలేదు.

తల్లిదండ్రుల రోజు వచ్చింది. హాలు నిండిపోయింది. ముందు వరసలో హెడ్‌మేడమ్, కళ్ళజోడు ముక్కు చివర. గోడమీద పెద్ద తెర. మాస్టారు యంత్రం ముందు కూర్చున్నాడు, పక్కనే పిల్లల అట్టలు గుంపులవారీగా పేర్చి ఉన్నాయి. మా ఆయనకి ఆ రోజు పని లేదు. అయినా ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, భుజమ్మీద మసిపిల్ల. "అది తీసెయ్యండి, నవ్వుతారు," అంటే, "ఇది నాతో వచ్చింది, నాతోనే వెళ్తుంది," అన్నారు.

లాయరమ్మ గుంపు అట్టలు మొదట. తెరమీద అమ్మాయి బయల్దేరింది, భుజమ్మీద నల్లటి మసిపిల్ల. రెండు గళ్ళు నడిచింది. టక్కున తిరిగింది. తిన్నగా వెళ్ళి కాలవలో పడింది. బుడుంగుమని చప్పుడు. మసిపిల్ల నల్లగా కరిగి నీళ్ళలో కలిసిపోయింది. తెరమీద పెద్ద అక్షరాలు వచ్చాయి: ఆట ముగిసింది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లాయరమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. దానికి మాట రాకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

రెండో గుంపు. అమ్మాయి కాపలావాడి చెవి పక్కకే వెళ్ళి నిలబడింది, వాడు లేచాడు, ఆట ముగిసింది. మూడో గుంపు, మళ్ళీ బుడుంగు. ఒక చిన్నపిల్ల ఏడుపు అందుకుంది.

హెడ్‌మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మసిపిల్లకి నీళ్ళు పడవని నాకే ఇప్పుడు తెలిసిపోయింది. ఇన్ని వారాలు చదివి పిల్లలకి తెలియలేదంటే, ఇంక చదివిందేమిటమ్మా?" అంది మా కోడలితో. గట్టిగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "రేపటినుంచి ఆ పీరియడ్…" అని ఆవిడ అంటూండగానే లాయరమ్మకి గొంతు తిరిగొచ్చింది.

"మా తప్పు కాదు మేడమ్! కంప్యూటర్‌కి తిరగడం రాదు!"

మాస్టారు మొదటిసారి నోరు విప్పాడు. "కంప్యూటర్ తప్పు చెయ్యదు పాపా."

"చేసింది! తాతగారు ఎప్పుడూ ఇలా తిరగలేదు! ఇవే అట్టలు, రోజూ సరిగ్గా వంతెన మీదికే వెళ్ళేవారు!"

"అవును సార్! కాలవలో ఒక్కసారి కూడా పడలేదు!" గంట అరిచాడు. వెనక వరసలవాళ్ళు చెవులు మూసుకున్నారు.

అప్పుడు లేచారు మా ఆయన. ఇందాకట్నుంచి తెర చూసి లోపల్లోపల ఉడికిపోతున్నారు.

"ఆ మలుపు తిప్పడమేమిటి బాబూ? అంచుకి రాగానే టక్కున తిప్పేస్తే వెనక చక్రాలు ఎక్కడికి పోవాలి? కాలిబాట ఎక్కెయ్యవూ? మనుషులుంటారక్కడ!"

మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"అడుగొక గడి అనుకుని మీరు ఒకసారి నడవండి సార్. ముందుకు రెండు గళ్ళు, తరవాత ఎడమకు తిరగండి."

మా ఆయన తెర ముందుకొచ్చి నిలబడ్డారు. గంట టింగ్ టింగ్ అన్నాడు. రెండు గళ్ళు నడిచారు. ఎడమచెయ్యి చాపారు. ఇంకొక అడుగు ముందుకు వేసి, అప్పుడు తిరిగారు.

"మళ్ళీ."

మళ్ళీ అంతే.

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. భుజాలు ఊగుతుంటే తెలిసింది, నవ్వుతున్నాడు. ఆ అగ్గిపుల్ల అంటుకోవడం బడిలో ఎవరూ చూసి ఉండరు.

"సార్, మీరు నడిపిన బండి పొడవెంత?"

"ఈ హాలుకి అడ్డంగా పెడితే తలుపులోంచి తోక బయట ఉంటుంది," అన్నారు మా ఆయన గర్వంగా.

"మేడమ్, పిల్లల ప్రోగ్రాముల్లో తప్పు లేదు," అన్నాడు మాస్టారు హెడ్‌మేడమ్‌తో. "వాళ్ళు రాసింది ఈ యంత్రానికి కాదు. ఆ యంత్రానికి." వేలు మా ఆయన వైపు చూపించాడు. "ఆయన మలుపుకి ఒక గడి ఎక్కువ వెళ్తారు. పిల్లలు అది లెక్కేసుకుని ఒక అట్ట తగ్గించారు. మా పుస్తకాల్లో ఇంతకంటే ఏమీ చెప్పరు. ఒక్క నిమిషం ఇవ్వండి, ఈ సార్‌ని ఇందులోకి ఎక్కిస్తాను."

మా కోడలు నావైపు చూసింది. నేను దానివైపు చూశాను. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసి, ఆయన మలుపు లోకంలో అందరి మలుపూ అనుకున్నాను నేను. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

మాస్టారు ఏదో టకటకా కొట్టాడు. తిరగమంటే ముందు ఒక అడుగు వేసి తిరగాలని చెప్పాడట. లాయరమ్మ అట్టలే మళ్ళీ ఎక్కించాడు. తెరమీద అమ్మాయి రెండు గళ్ళు నడిచింది, ఇంకొకటి వేసింది, అప్పుడు విశాలంగా తిరిగి వంతెనమీదికి ఎక్కింది. చూస్తే అచ్చం మా ఆయనే, గౌను వేసుకున్నట్టు. హాలంతా గొల్లుమంది. అమ్మాయి ఒక కాపలావాణ్ణి ఎడమనుంచి, ఇంకొకణ్ణి కుడినుంచి దాటుకుంటూ, మసిపిల్లమీద చుక్క నీరు పడకుండా తలుపు దగ్గరికి చేరింది. రెండో గుంపూ చేరింది. మూడోదీ చేరింది. ఏడ్చే పిల్ల ఏడుపాపి మా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

కానీ హెడ్‌మేడమ్ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"సరే, కోడింగ్ వచ్చింది. చదివారని ఏమిటి నమ్మకం? వంతెన దిగాక నేరుగా పోతే తలుపు దగ్గరే కదా, అంత చుట్టు ఎందుకు తిరిగారు?"

పిల్లలంతా ఒక్కసారి మొదలుపెట్టారు. నేరుగా పోతే గడ్డం కాపలావాడు ఉన్నాడనీ, వాడికి కుడిచెవి మేలుకుని ఉంటుందనీ, ఎందుకంటే ఎడమచెవి వాడి పెళ్ళాం అరిచి అరిచి పాడుచేసిందనీ. "అలా రాసి లేదు, వాడి తల్లి అరిచింది," అని ఇంకొకడు. అమ్మాయి ఆఖరి కాపలావాడితో తను గాలినని అబద్ధం చెప్పింది కదా, అది తప్పని ఒక గుంపు. మసిపిల్లని కాపాడ్డానికి చెప్పింది కాబట్టి తప్పు కాదని ఒక గుంపు. "మసిపిల్లకి ముందే మాటిచ్చింది మేడమ్, నిన్ను తడవనివ్వనని. ఇచ్చిన మాట పెద్దదా, అబద్ధం పెద్దదా, మీరే చెప్పండి," అంది లాయరమ్మ.

హెడ్‌మేడమ్ తీర్పు చెప్పకుండా ఉండలేని మనిషని ముందే చెప్పాను. ఆవిడ ఆలోచనలో పడింది.

"ఆ కాపలావాడు నమ్మాడా?" అని అడిగింది.

"నమ్మాడు. తలుపు తీశాడు."

"తీస్తే? లోపల ఏముంది?"

లాయరమ్మ తల దించుకుంది.

"తెలీదు మేడమ్. అక్కడివరకే చదివాం. మీరు పీరియడ్ తీసేస్తే ఇంకెప్పటికీ తెలీదు."

ముందు వరసలో ఒక తండ్రి, మొదట గొడవపెట్టినవాళ్ళలో ఆయనొకడట, కుర్చీలో ముందుకి జరిగి, "అదేమిటండీ, నీడ ఉందో లేదో చెప్పకుండా ఆపేస్తారా?" అన్నాడు.

హెడ్‌మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. "పుస్తకం పూర్తయ్యేవరకూ పీరియడ్ ఉంటుంది. పూర్తయిన మర్నాటినుంచి టైపింగ్. అంతే," అంది.

పిల్లలు ఎగిరి గంతులేశారు. మా కోడలు మామగారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన పక్కకి జరిగారు, ఎంత జరగాలో దానికంటే ఒక అడుగు ఎక్కువే.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. లాయరమ్మ ఆవిడ తీర్పులో కిటుకు పట్టేసింది. పుస్తకం పూర్తయ్యేవరకూ అన్నారు. మరి పూర్తి కాకపోతే?

ఇప్పుడు పేజీ తిరగడం గగనమైపోయింది. కోడలు ఒక వాక్యం చదవగానే చేతులు లేస్తాయి. "టీచర్, తలుపుకి గొళ్ళెం లోపలుందా బయటుందా?" "టీచర్, ఆ గది ప్రోగ్రాం రాసి చూద్దామా?" "టీచర్, మళ్ళీ మొదటినుంచి చదవండి, గంట దగ్గాడు, వినపడలేదు." గంట దగ్గితే పక్క తరగతిలో కూడా వినపడుతుంది, ఇక్కడ వినపడలేదట. కంప్యూటర్ మాస్టారు సుద్దపొడి సంగతి మర్చిపోయి రోజూ వచ్చి కూర్చుంటున్నాడు, అతనూ చెయ్యెత్తుతున్నాడు. మా ఆయన్ని వరండాలోంచి లోపలికి రానిచ్చారు, ఇంక రోబో పని లేదు కదా. ఆయనకీ సందేహాలే.

నష్టపోయింది నేనొక్కదాన్నే. నాకు ఆ నీడ సంగతి తేలాలి. వెనక బల్లమీద కూర్చుని పళ్ళు నూరుకుంటున్నాను.

నిన్న సాయంత్రం కూరగాయలు తరుగుతూ కోడల్ని మెల్లిగా అడిగాను.

"అమ్మాయ్, నువ్వు చివరిదాకా చదివేసే ఉంటావుగా."

"చదివాను."

"ఒక్క ముక్క చెప్పవే. నీడ దొరుకుతుందా?"

"అత్తయ్యా!"

"ఎవరికీ చెప్పను. మీ మామయ్యకి అసలే చెప్పను."

"పీరియడ్‌లో వినండి."

"మీ పీరియడ్ ఈ లెక్కన నా నూరేళ్ళూ పడుతుందే."

"అయితే నూరేళ్ళూ ఉండండి," అని నా చేతిలో కత్తి తీసుకుని తనే తరగడం మొదలెట్టింది, పెదవి బిగించి నవ్వాపుకుంటూ.

ఇవాళ పీరియడ్ భోజనం వేళకి ముందుంది. ముందు వెళితే మాస్టారు కూర్చునే చోటు దొరుకుతుంది, అక్కడికి బాగా వినపడుతుంది. మా ఆయన ఇంకా బూట్లు తుడుచుకుంటూనే ఉన్నారు. నేను చెప్పులు వేసుకుని ఆయనకోసం ఆగకుండా బయల్దేరాను.